తుపాకీకి లైసెన్సు అక్కర్లేదు. మరి వేటకు?

"అన్నా, పండక్కి ఊరెళ్తున్నా. చెవులపిల్లులకు, పూరేడు పిట్టలకు ఏ ఎయిర్ రైఫిల్ తీసుకుంటే మంచిది?"

అమీర్‌పేట హాస్టల్లో ఉండి డీఎస్సీకి చదువుకుంటున్న మన ఏజెన్సీ తమ్ముడొకడు అడిగిన ప్రశ్న ఇది. మైత్రీవనం దగ్గర కోచింగ్ క్లాసు అయ్యాక పంజగుట్ట దాకా నడిచెళ్లి ఒక షాపులో చూసొచ్చాడంట. ధర, బరువు, దెబ్బ ఎంత దూరం పోతది, అన్నీ కాగితం మీద రాసుకున్నాడు. "దీనికి లైసెన్సు అక్కర్లేదు" అని షాపాయన చెప్పాడంట. ఆ ఒక్క మాటతో మనోడికి ధైర్యం వచ్చేసింది.

ఈ ప్రశ్నను మేం తీసిపారేయడం లేదు. పండగ వేట మన ఊళ్లలో ఇవాళ పుట్టింది కాదు. కోయల విజ్జ పండుగకైనా, పాడేరు వైపు ఇటుకల పండుగకైనా వేటకెళ్లడం ఆచారం. అందుకే సూటిగానే జవాబు చెప్పుకుందాం.

ముందు తుపాకీ సంగతి. షాపాయన చెప్పింది అబద్ధం కాదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం లోపలి కొలత 4.5 మిల్లీమీటర్లకు, దెబ్బ శక్తి 20 జౌళ్లకు మించకపోతే ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. పాయింట్ 177 అని అమ్మేది ఇదే. పాయింట్ 22 కావాలన్నా, స్ప్రింగు మార్పించి శక్తి 20 జౌళ్లు దాటించినా లైసెన్సు ఉండాల్సిందే. అది లేకుండా ఉంచుకుంటే ఆయుధాల చట్టం కింద కేసు.

ఇక దాని పనితనం. పాయింట్ 177 గుండు సుమారు అర గ్రాము సీసం. అట్ట మీద గురికి బ్రహ్మాండంగా పనికొస్తది. జంతువు మీదైతే సరిగ్గా తలకు తగిలితేనే పడుద్ది. పొట్టకో కాలికో తగిలితే చెవులపిల్లి పొదల్లోకి పోయి రెండు రోజులు నరకం చూసి చస్తది. నీకు దక్కదు, అడవికీ దక్కదు. అడవిపంది మీద ఎక్కుపెట్టాలని ఎవరన్నా అనుకుంటే అది వట్టి ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. తిరగబడిన పంది ముందు ఆ తుపాకీ కట్టెపుల్లతో సమానం. పైగా అదే గుండు పిల్లల కంట్లో పడితే చూపు పోతది.

ఇప్పుడు అసలు విషయం. లైసెన్సు అక్కర్లేనిది తుపాకీ కొనడానికి. వేటాడడానికి కాదు. ఈ రెండిటి మధ్య తేడా తెలియకనే మన పిల్లలు ఇరుక్కుంటున్నారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ ప్రకారం షెడ్యూళ్లలో ఉన్న ఏ అడవి జంతువును వేటాడినా నేరమే. 2022లో చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. చెవులపిల్లి, పూరేడు, కౌజు అన్నీ అందులో ఉన్నాయి. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నెమలి, ఉడుము లాంటి ఒకటో షెడ్యూలు ప్రాణులైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. చంపితేనే వేట అని కూడా కాదు. ప్రయత్నించినా వేటే, ఉచ్చు పెట్టినా వేటే, గుడ్లు పగలగొట్టినా వేటే. పట్టుకున్న తుపాకీ సర్కారుది అయిపోద్ది. బావ దగ్గర అడుక్కొని తెచ్చుకున్న బండి కూడా అంతే.

ఇప్పుడు చెప్పు తమ్ముడూ. డీఎస్సీలో పోస్టు వచ్చాక నింపే ఫారంలో "మీ మీద ఏమన్నా కేసులున్నాయా" అనే గడి ఉంటది. ఒక్క చెవులపిల్లి కోసం ఆ గడిలో "ఉంది" అని రాసుకుంటావా? నిన్ను అమీర్‌పేటకు పంపడానికి మీ అమ్మ ఎన్ని బుట్టల ఇప్పపువ్వు ఏరిందో నీకు తెలుసు.

"అయితే మన ఆచారం సంగతేంది" అని నువ్వు అడగొచ్చు. అడగాల్సిందే. 2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కులన్నిటినీ గుర్తిస్తూ 3వ సెక్షన్‌లో ఒక్కదాన్ని పేరు పెట్టి పక్కన పెట్టింది. అది వేట హక్కు. అదే చట్టం 5వ సెక్షన్ మాత్రం అడవినీ వన్యప్రాణుల్నీ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. అంటే కాపలా మనకు అప్పజెప్పారు, మాట చెప్పే హక్కు ఇవ్వలేదు. అలా ఇవ్వడం అసాధ్యమేం కాదు. నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగలకు 1967 నోటిఫికేషన్‌తో వచ్చిన వేట హక్కులను ఈ వన్యప్రాణి చట్టమే 65వ సెక్షన్‌లో కాపాడింది. నల్లమల చెంచులకు మాత్రం అలాంటి సెక్షన్ లేదు. నిజాం కాలంలో నవాబులు సరదాకి వేటాడిన అడవులు తర్వాత అభయారణ్యాలయ్యాయి. ఆకలికి వేటాడినవాడు దొంగయ్యాడు. ఇది అన్యాయమే. అయితే ఈ అన్యాయం మీద కొట్లాడాల్సింది గ్రామసభ తీర్మానంతో, అందరం కలిసి, పట్టపగలు. నువ్వొక్కడివే రాత్రిపూట టార్చిలైటు, ఎయిర్ రైఫిల్ పట్టుకుని కాదు.

ఇంకో మాట కూడా మనలో మనం ఒప్పుకోవాలి. ఆచారపు వేటకు కాలం ఉంది, కట్టు ఉంది, దొరికిన దాంట్లో అందరికీ వాటా ఉంది. ఎయిర్ రైఫిల్‌కి ఇవేవీ లేవు. నాలుగొందల గుళ్ల డబ్బా ఒకటి కొంటే ఏడాదంతా, ఏ పిట్ట కనబడితే ఆ పిట్ట మీద పేలుస్తూ పోవచ్చు. అరుణాచల్ ప్రదేశ్‌లో తెగల జనమే ఈ సంగతి గుర్తించారు. అక్కడ 2021లో ఎయిర్‌గన్ సరెండర్ అభియాన్ మొదలైతే వెయ్యికి పైగా ఎయిర్‌గన్‌లను వాళ్లంతట వాళ్లే తెచ్చి అప్పజెప్పారు. అడవిలో పిట్టల కూత తగ్గిపోయిందన్న బాధ వాళ్లది. వాళ్లు కూడా మనలాంటి వేట జాతులే.

గురి మీద నిజంగా ఇష్టముంటే దానికి దారి ఉంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఒలింపిక్ ఆట. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది ఇందులోనే. రాజస్థాన్ ఆదివాసీ లింబా రామ్ వెదురు విల్లుతో పిట్టలు కొట్టిన పిల్లాడు. మూడు ఒలింపిక్స్‌లో దేశం తరఫున విల్లు పట్టాడు. ఇలాంటి శిక్షణ మన ఆశ్రమ పాఠశాలల్లో ఎందుకు లేదని అడుగుదాం. అది కూడా హక్కే.

కాబట్టి తమ్ముడూ, ఏ రైఫిల్ మంచిదని అడిగావు. వేటకైతే ఏదీ మంచిది కాదు. ఆ డబ్బుతో పుస్తకాలు కొనుక్కో, పండక్కి ఇంటికి బట్టలు పట్టుకెళ్లు. పండగలో పెద్దలతో కూర్చున్నప్పుడు వేట హక్కు మీద గ్రామసభలో చర్చ పెట్టమని అడుగు. తిరిగొచ్చాక ఒక ఆదివారం కలుద్దాం. పంజగుట్ట నుంచి బంజారాహిల్స్ రోడ్ నంబర్ 10లో ఉన్న కుమ్రం భీం ఆదివాసీ భవన్ ఎంతో దూరం లేదు. మన ఆచారాల మీద మన మాటే ఎందుకు చెల్లదో అక్కడ కూర్చుని మాట్లాడుకుందాం.

జోహార్.