నాయకత్వ పట్టానా? నిర్వహణ పట్టానా?

ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూనే మళ్లీ చదువుకోవాలని ఆశపడే ముస్లిం యువతీయువకుల సంఖ్య మా మైలవరం ప్రాంతంలో ఏటేటా పెరుగుతున్నది. గ్రామ సచివాలయంలో పనిచేసే ఉద్యోగి, ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయిని, మామిడి పండ్ల కొట్టులో లెక్కలు రాసే గుమాస్తా ఇందులో ఉన్నారు. పదవీ విరమణ తర్వాత దరఖాస్తులు నింపిపెట్టే పని పెట్టుకున్నాను గనుక వీరిలో చాలామంది నా దగ్గరకు వస్తుంటారు. ఈమధ్య వారు అడుగుతున్న ప్రశ్న ఒకటే. ఎం.బి.ఏ. చదవాలా, లేక ఫోన్లలో ప్రకటనలు వస్తున్న 'లీడర్‌షిప్' మాస్టర్స్ పట్టా తీసుకోవాలా అని.

నా అభిప్రాయం ముందే చెబుతాను. చేతిలో ఒక్క పట్టాకు సరిపడే డబ్బు, ఒక్క పట్టాకు సరిపడే రాత్రులు మాత్రమే ఉన్నవారు నిర్వహణనే ఎంచుకోవాలి. దీనికి మినహాయింపు లేకపోలేదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఈ రెండూ ఒకటి కావన్న వాదన పాతదే. 1977లో అమెరికాలో అబ్రహాం జలెజ్నిక్ అనే ఆచార్యుడు నిర్వాహకుడూ నాయకుడూ స్వభావరీత్యానే వేర్వేరు మనుషులని వ్యాసం రాసినప్పటి నుండి అక్కడి విశ్వవిద్యాలయాలలో చర్చ సాగుతూనే ఉన్నది. అక్కడ నాయకత్వం పేరుతో ప్రత్యేక మాస్టర్స్ పట్టాలు కూడా ఉన్నాయి. మన దగ్గర చరిత్ర వేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎం.బి.ఏ. ప్రారంభించింది. కలకత్తా, అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం.లు 1961లో వచ్చాయి. ఆరు దశాబ్దాలుగా మన దేశంలో పాతుకుపోయిన పట్టా నిర్వహణదే. నాయకత్వం పేరుతో ఇక్కడ దొరికేవి ఎక్కువగా కొన్ని వారాల, కొన్ని నెలల సర్టిఫికెట్ కోర్సులు, లేదంటే విదేశీ విశ్వవిద్యాలయాల ఆన్‌లైన్ పట్టాలు. పైగా ఏ ఎం.బి.ఏ. పాఠ్యప్రణాళిక తీసుకున్నా సంస్థాగత ప్రవర్తన అనే విషయం ఉంటుంది, అందులో నాయకత్వం ఒక పాఠంగా ఉంటుంది. నాయకత్వ కోర్సులో మాత్రం జమాఖర్చుల పట్టీ చదవడం నేర్పుతారన్న హామీ లేదు.

అయినా మన పిల్లలను ఆ మాట ఎందుకు ఆకర్షిస్తున్నదో అర్థం చేసుకోవాలి. 2006 నవంబరులో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం ఇరవై ఏళ్లు దాటిన ముస్లిములలో డిగ్రీగానీ డిప్లొమాగానీ ఉన్నవారు నాలుగు శాతం కంటే తక్కువ. ఐ.ఏ.ఎస్.లో మనవారు మూడు శాతం. తరతరాలుగా కుర్చీకి ఇవతల నిలబడినవారి పిల్లలకు 'నాయకుడు' అన్న మాట తీపిగా వినబడడంలో తప్పేమీ లేదు. 'నిర్వాహకుడు' అంటే ఎవరి పెత్తనం కిందనో పనిచేసేవాడన్న చిన్నచూపు కూడా మన ఇళ్లలో ఉన్నది. అమ్మేవారికి ఈ రెండు బలహీనతలూ బాగా తెలుసు.

నాయకత్వం పట్టాతో వచ్చేది కాదని చెప్పడానికి దూరదేశాలు వెళ్లనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా కేంద్రంలో రాత్రిపూట చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా అంగడిని మూయించారు. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలిచారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది, 1993లో ప్రభుత్వం సారాను నిషేధించవలసి వచ్చింది. ఆ స్త్రీలకు నాయకత్వం ఎవరూ నేర్పలేదు. కాని ఆ తర్వాత జరిగింది చూడండి. అదే నెల్లూరులో అదే స్త్రీలు రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలుగా ఏర్పడ్డారు. సారా అంగడి మూయించడానికి ధైర్యం చాలింది. రోజుకో రూపాయి దాచడానికి పద్దుల పుస్తకం, తీర్మానాల పుస్తకం, బ్యాంకు ఖాతా, అప్పు తీసుకున్నవారి దగ్గర వాయిదా వసూలు చేసే పద్ధతి కావలసి వచ్చాయి. ఇవి నేర్పితేనే వచ్చే విద్యలు. నేర్చుకున్న సంఘాలు నిలిచాయి. నేర్చుకోని సంఘాలు ఏమయ్యాయో ప్రతి ఊరిలోనూ ఎవరో ఒకరు చెప్పగలరు.

'మన సముదాయానికి కావలసింది హక్కుల కోసం పోరాడే నాయకులు, గుమాస్తాలు కాదు' అని ఉద్యమంలో ఉన్న మిత్రులు నాతో వాదిస్తుంటారు. వారికి మన రిజర్వేషన్ చరిత్రే గుర్తుచేస్తాను. 2004లో ప్రభుత్వం ముస్లిములకు ఐదు శాతం రిజర్వేషన్ ఉత్తర్వు ఇచ్చింది. వెనుకబడిన తరగతుల కమిషన్ పరిశీలన లేకుండా ఇచ్చారన్న కారణంగా హైకోర్టు ఆ ఏడాదే దానిని కొట్టివేసింది. 2005లో చేసిన చట్టం కూడా న్యాయస్థానంలో నిలవలేదు. ఆ తర్వాత విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి పి.ఎస్.కృష్ణన్ 2007లో సామాజికంగా వెనుకబడిన ముస్లిం వర్గాలను గుర్తిస్తూ నివేదిక తయారుచేశారు, కమిషన్ సమాచారం సేకరించింది, పధ్నాలుగు వర్గాలకు నాలుగు శాతంతో బి.సి.-ఇ చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానినీ కొట్టివేస్తూ సర్వే జరిగిన తీరును తప్పుపట్టింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతోనే ఈనాటికీ మన పిల్లలకు సీట్లు దక్కుతున్నాయి. సభలు పెట్టినవారి శ్రమను నేను తక్కువ చేయడం లేదు. అయితే న్యాయస్థానం ప్రతిసారీ అడిగింది ఉపన్యాసాన్ని కాదు, లెక్కను. ఎన్ని ఇళ్లు తిరిగారు, ఏమి అడిగారు, ఎలా నమోదు చేశారు అన్నది అడిగింది. సమాచారాన్ని సేకరించి, విశ్లేషించి, ఎదుటివాడు తప్పుపట్టలేని విధంగా కాగితం మీద నిలబెట్టడం నిర్వహణశాస్త్రంలో భాగం.

వక్ఫు ఆస్తుల విషయం ఇంతకన్నా దగ్గరది. 1995 చట్టం ప్రకారమే ప్రతి ముతవల్లీ ఏటా జమాఖర్చుల లెక్కను బోర్డుకు సమర్పించవలసి ఉన్నది. ఎంతమంది సమర్పించారన్నది మనకు తెలియనిది కాదు. 2025 సవరణ చట్టం మీద మనకున్న అభ్యంతరాలు మనకున్నాయి, వ్యవహారం సుప్రీంకోర్టులో ఉన్నది. కాని ఆ చట్టం కింద వక్ఫుల వివరాలన్నీ ఆరు నెలలలో కేంద్ర పోర్టల్‌లో నమోదు చేయాలన్నప్పుడు మా చుట్టుపక్కల మసీదు కమిటీలు పడిన అవస్థ కళ్లారా చూశాను. సర్వే నంబరు ఒక కాగితంలో ఒకటి, మరొక కాగితంలో మరొకటి. గెజెట్టు ప్రతి ఎవరి పెట్టెలో ఉన్నదో తెలియదు. అంగళ్ల అద్దెల రసీదులు లేవు. కమిటీలో సదరు ఉన్నారు, కార్యదర్శి ఉన్నారు, గౌరవ సలహాదారులు నలుగురున్నారు. దస్త్రం తెలిసినవాడు ఒక్కడు లేడు. చివరకు ఒకచోట ఎం.బి.ఏ. చదివి విజయవాడలో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి రెండు ఆదివారాలు ఇంటికి వచ్చి కాగితాలన్నీ వరుసలో పెట్టి ఇచ్చింది. ఆమెకు కమిటీలో స్థానం లేదు. ఇవ్వాలన్న ఆలోచన కూడా ఎవరికీ వచ్చినట్టు లేదు.

ఇక మా మామిడి వ్యాపారం సంగతి. తోటను పూత మీదనో పిందె మీదనో గుత్తకు తీసుకునే చిన్న వ్యాపారులలో మనవారున్నారు. రైతుకిచ్చిన బయానా, మందుల పిచికారీ, కాపలా, కోతకూలీ, నున్న మార్కెట్టుకు కిరాయి, అక్కడి కమీషను, ఇవన్నీ వారికి నోటిలెక్కగా కొట్టినపిండి. గాలివాన వచ్చి కాయ రాలితే నష్టం ఎంతో ఆ సాయంత్రానికే చెప్పగలరు. కాని ఆ లెక్క పుస్తకంలో లేదు గనుక బ్యాంకుకు కనబడదు. బ్యాంకుకు కనబడనివాడు వడ్డీవ్యాపారికే కనబడతాడు. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపును చూపి మంచి ధర రాబట్టడానికి నాణ్యత వర్గీకరణ, ప్యాకింగు, ఎగుమతి కాగితాలు తెలిసినవారు కావాలి. ఇటువంటి కుటుంబంలో ఒక్క కొడుకో కూతురో ఫైనాన్సు, మార్కెటింగు చదివితే ఇంటి వ్యాపారం ఏ స్థితిలో ఉన్నదో మొదటిసారి కాగితం మీద తెలుస్తుంది.

ఇప్పుడు మినహాయింపు. పదేళ్లుగా గ్రామ సమాఖ్య లెక్కలు చూస్తున్న స్త్రీకి, పాఠశాలను ఇప్పటికే నడుపుతున్న ప్రధానోపాధ్యాయినికి, కొట్టు బాధ్యత ఇరవై ఏళ్లు మోసినవారికి ఎం.బి.ఏ. తమకు తెలిసినదానినే ఇంగ్లీషులో తిరిగి చెబుతుంది. వీరికి లోటుగా ఉన్నది మరొకటి. అధికారి ఎదుట కూర్చొని మాట్లాడడం, చట్టం తెలియడం, పదిమందిని ఒక నిర్ణయానికి తేవడం. అయితే వారికి కూడా ప్రకటనలలోని 'లీడర్‌షిప్' పట్టా కంటే ప్రభుత్వ పాలనాశాస్త్రంలో ఎం.ఏ., గ్రామీణాభివృద్ధిలో ఎం.ఏ., లేదా సామాజిక సేవలో ఎం.ఎస్.డబ్ల్యు. మేలని నా సలహా. మూడూ ఇగ్నోలో ఉన్నాయి. నాయకుడికి కావలసిన జ్ఞానం వీటిలో ఉన్నది, పట్టాకు గుర్తింపూ ఉన్నది.

గుర్తింపు గురించి కొంచెం విస్తరించి చెప్పక తప్పదు. ముప్పై ఏళ్లకు పైగా దస్త్రాల మధ్య గడిపినవాణ్ణి గనుక పట్టా పేరు ఎంత పనిచేస్తుందో నాకు తెలుసు. ఉద్యోగ ప్రకటనలో 'ఎం.బి.ఏ.' అని అడిగితే అదే ఉండాలి. 'దానికి సమానమైనది' అని మీరు వాదించుకుంటూ ఉండగానే గడువు తీరిపోతుంది. దూరవిద్యలో చేరేముందు యు.జి.సి. దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో మూడు సంగతులు చూడాలి. ఆ సంస్థకు, ఆ కోర్సుకు, మీరు చేరే ఆ విద్యాసంవత్సరానికి అనుమతి ఉన్నదా అని. సంస్థకు ఉండి కోర్సుకు లేకపోవచ్చు. నిరుడు ఉండి ఈ ఏడు లేకపోవచ్చు. గుర్తింపు ఉన్న దూరవిద్యా పట్టా పగటి కళాశాల పట్టాతో సమానమేనని యు.జి.సి. 2022లో స్పష్టం చేసింది. గుర్తింపు లేనిదానికి ఆ రక్షణ లేదు. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగు పట్టాల విషయంలో 2017 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, ఎప్పుడో చదివేసి ఉద్యోగాలలో కుదురుకున్నవారు కూడా ఇబ్బందుల్లో పడ్డారు. విదేశీ సంస్థలతో ఒప్పందం ఉన్నదంటూ ఎడ్‌టెక్ కంపెనీలు ఆన్‌లైన్‌లో అమ్మే పట్టాలకు గుర్తింపు లేదని 2023 డిసెంబరులో యు.జి.సి. హెచ్చరించింది. మన పిల్లలకు ఫోన్లలో వస్తున్న నాయకత్వ పట్టాలలో ఈ కోవకు చెందినవి ఉన్నాయా అన్నది చేరకముందే తేల్చుకోవాలి. విదేశాలకే వెళ్లి చదువుదామనుకునేవారికి కూడా, రుణం మీద వడ్డీ రాయితీ ఇచ్చే పఢో పర్‌దేశ్ పథకాన్ని కేంద్రం 2022-23 నుండి నిలిపివేసింది.

ప్రభుత్వోద్యోగులకు మరొక మాట. చేరకముందే శాఖాధికారి అనుమతిని రాతపూర్వకంగా తీసుకోండి. ఉత్తీర్ణులైన తర్వాత ఆ అర్హతను సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించుకోండి. పట్టా బీరువాలో ఉండి రిజిస్టరులో లేకపోతే పదోన్నతి జాబితా తయారుచేసే గుమాస్తాకు అది లేనట్టే. నా బల్ల మీదికి వచ్చిన రిజిస్టర్లలో ఇటువంటివి ఎన్నో.

మా ఊరిలోనే 1998లో ఏర్పడిన లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజనీరింగు కళాశాలలో ఎం.బి.ఏ. ఉన్నది. ఐసెట్ రాసి చేరవచ్చు, బి.సి.-ఇ వర్తిస్తుంది. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలవారు బి.సి.-బి కిందికి వస్తారు, ధ్రువపత్రంలో తప్పు పడకుండా చూసుకోవాలి. కాని అది పగటి చదువు. ఉద్యోగం మానితే ఇల్లు గడవనివారికి మిగిలేది దూరవిద్యే, దానికి ఫీజు రీయింబర్స్‌మెంటు ఉండదు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిదిగా హైదరాబాదులో ఏర్పడినప్పుడు నావంటి చిరుద్యోగులకు తలుపు తెరుచుకున్నది. ఇప్పుడది అంబేడ్కర్ పేరుతో ఉన్నది. నేను బి.ఏ. చదివింది అందులోనే, రాత్రి ఇషా నమాజు తర్వాత రెండు గంటల చొప్పున. ఈనాటి పిల్లలకు ఇగ్నో ప్రాంతీయ కేంద్రం విజయవాడలోనే ఉన్నది. ఎం.బి.ఏ. రెండేళ్లది, నాలుగేళ్ల వరకు గడువు ఉంటుంది. ఇంగ్లీషుకు భయపడి వెనుదీయవద్దు, మొదటి ఆరు నెలలే కష్టం.

ప్రవేశాలు ఏటా జనవరిలోనూ జూలైలోనూ ఉంటాయి, పరీక్షలు జూన్, డిసెంబరులలో. మామిడి వ్యాపారంలో ఉన్నవారికి మార్చి నుండి జూన్ వరకు పుస్తకం ముట్టే తీరిక ఉండదు గనుక జూలైలో చేరడం మంచిది. జూన్ పేపర్లలో రాయలేనివి డిసెంబరుకు పెట్టుకునే వెసులుబాటు ఉన్నది. డిగ్రీ మార్కుల జాబితాలు, కుల ధ్రువపత్రం, ఆధార్‌లో పేరు ఒకే తీరుగా ఉన్నాయో లేదో మాత్రం ఇప్పుడే సరిచూసుకోండి. షేక్ అన్నది ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉన్న దరఖాస్తులు ఈ ఏడాది నా దగ్గరకే నాలుగు వచ్చాయి.