రిపోర్టులో దొరకని నొప్పి

మిరపకాయ కోతల రోజుల్లో పల్నాడులో ఒళ్లు నొప్పులు లేని ఇల్లుండదు. అవి నాలుగు రోజుల్లో పోతాయి. కానీ కోతలయ్యి మూడు నెలలు దాటినా ఒళ్లంతా సలుపు, ఎంత పడుకున్నా నిద్రపోనట్టే నీరసం ఉంటే? నరసరావుపేట వెళ్లి రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు తీయిస్తే అన్నీ నార్మల్. ‘ఏం లేదంటగా!’ అంటాడు ఇంటాయన. ఆ మాట నొప్పికన్నా ఎక్కువ బాధపెడుతుంది.

అది ఫైబ్రోమయాల్జియా కావచ్చు. ఆడవాళ్లలోనే ఎక్కువ. కండరం దెబ్బతినదు, నొప్పి కబురును మెదడు పెద్దది చేసి వింటుంది. అందుకే ఎక్స్‌రేకి చిక్కదు. ఒకప్పుడు ఒంటిమీద 18 చోట్ల నొక్కి, 11 చోట్ల నొప్పంటేనే జబ్బని తేల్చేవారు. 2010 తర్వాత ఆ లెక్క తప్పనిసరి కాదు. థైరాయిడ్ లాంటివేమైనా ఉన్నాయేమో మాత్రం డాక్టరే చూడాలి.

మందులతో తగ్గేది కొంతే. మిగిలింది నేర్చుకోవాలి. నేర్పడానికి నర్సులున్నారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో కేట్ లోరిగ్ అనే నర్సు 1970ల చివర్లో కీళ్లనొప్పులవాళ్లకి ఆరు వారాల క్లాసులు మొదలుపెట్టారు. ‘ఈ వారం ఇది చేస్తా’ అని ఎవరికి వాళ్లే చెప్పుకోవాలి, మరుసటి వారం చేశారో లేదో చెప్పాలి. తర్వాత ఫైబ్రోమయాల్జియా వాళ్లకీ అదే పాఠం.

బాగున్న రోజున రెండ్రోజుల చాకిరీ చేసేసి, ఆనక మూడ్రోజులు మంచమెక్కడం మన ఆడవాళ్ల అలవాటు. అలా వద్దు. గంట కోస్తే పది నిమిషాలు గట్టున కూర్చోండి. రోజూ కాస్త నడవండి, మెల్లగా పెంచండి. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లుంటారు. బీపీ, షుగర్‌తోపాటు ఇదీ అడగండి. వెళ్లేటప్పుడు ఇంటాయన్నీ తీసుకెళ్లండి. రిపోర్టు నార్మలైనా నొప్పి నిజమేనన్న మాట ఆయన చెవినా పడాలి.