రెండు మార్కుల తిమింగలం

గత పేరెంట్స్ మీటింగ్‌లో ఎనిమిదో తరగతి అమ్మాయి నాన్నగారు ఇంగ్లిష్ పేపర్ తెచ్చి నా ముందు పెట్టారు. "మార్కుల కోసం కాదు మేడమ్. ఈ జవాబుకి మీరు ఇంటూ పెట్టారు. ఎందుకు తప్పు అని పాప అడుగుతోంది. నాకు తెలియలేదు, మీరే చెప్పండి" అన్నారు.

ఆ పేసేజ్ నేను తయారు చేసిందే. ఆర్కిటిక్ మంచు కరిగితే తిమింగలాలకు ఏమవుతుందన్నది రెండు మార్కుల ప్రశ్న. నష్టం జరుగుతుందని కీలో రాసుకున్నాను. పాపేమో "కొన్ని తిమింగలాలకు తిండి ఎక్కువ దొరకవచ్చు" అని రాసింది. పేపర్లు దిద్దే హడావుడిలో రెండోసారి చదవకుండానే ఇంటూ కొట్టేశాను. నాన్నగారికి ఆ రోజు ఏదో సర్దిచెప్పాను గానీ, ఆయన మొహం చూస్తే నమ్మినట్టు లేదు. తర్వాత రెండు ఆదివారాలు కూర్చుని చదివాను.

అలాస్కా ఉత్తర తీరంలో బౌహెడ్ అనే తిమింగలాలు ఉన్నాయి. రెండు వందల ఏళ్ళకు పైగా బతకగలవు. 2007లో అక్కడ వేటలో దొరికిన ఒకదాని ఒంట్లో 19వ శతాబ్దం చివర్లో తయారైన ఈటె ముక్క బయటపడింది. మన ముత్తాతల కాలంలో తగిలిన దెబ్బను మోసుకుంటూ అన్నేళ్ళు ఈదిందన్నమాట. ఇవి చలికాలం బేరింగ్ సముద్రంలో గడిపి, వసంతంలో మంచు పలకల మధ్య చీలే నీటి దారుల వెంట ఉత్తరానికి వెళ్తాయి. వేసవంతా కెనడా వైపు బోఫోర్ట్ సముద్రంలో మేస్తాయి. ఆ తర్వాత అలాస్కా తీరం వెంబడే వెనక్కి వస్తాయి. దారి మూసుకుపోతే అడుగు మందం దాటిన మంచును కూడా తలతో బద్దలు కొట్టి ఊపిరి తీసుకుంటాయి.

పాప రాసింది నిజమే. మంచు త్వరగా కరిగిన ఏళ్ళలో నీటికి ఎండ ఎక్కువ తగిలి, ఇవి తినే చిన్న చిన్న జీవులు బాగా పెరుగుతాయి. అలాంటి ఏళ్ళలో బౌహెడ్‌లు మరింత ఒళ్ళు చేసి కనిపించాయని పరిశోధకులే రాశారు. 2011 లెక్కలో ఇవి దాదాపు 17 వేలు తేలాయి.

మరి నా కీ పూర్తిగా తప్పా? అదీ కాదు. మంచు ఉన్నన్నాళ్ళూ అదే వాటికి కాపలా. ఓడలు, చమురు వెతికే నౌకలు, వేటాడే కిల్లర్ వేల్స్ లోపలికి రాలేవు. మంచు వెనక్కి జరిగితే మేత పెరుగుతుంది, దాంతో పాటే అందరికీ తలుపు తెరుచుకుంటుంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ రెండో సంగతి.

సముద్రం అడుగున చమురు ఎక్కడుందో తెలుసుకోవడానికి నౌకలు ఎయిర్‌గన్లు లాగుతూ తిరుగుతాయి. కొన్ని క్షణాలకొకసారి గాలిని ఒక్కసారిగా వదిలితే పెద్ద పేలుడు లాంటి శబ్దం. ఇలా రోజుల తరబడి, రాత్రీ పగలూ. నీటిలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది, చాలా దూరం పోతుంది. చీకటి నీళ్ళలో, మంచు కింద తిమింగలానికి చెవులే కళ్ళు. 1990ల చివర్లో బోఫోర్ట్ సముద్రంలో చేసిన పరిశీలనల్లో, వలస వెళ్తున్న బౌహెడ్‌లు ఎయిర్‌గన్ నౌకకు దాదాపు 20 కిలోమీటర్ల దూరం నుంచే పక్కకు తప్పుకున్నాయి. తర్వాతి పరిశోధనలో ఇంకో సంగతి తెలిసింది. మోత కొంచెం వినిపిస్తే అవి ఎక్కువసార్లు పిలుచుకుంటాయి, మోత బాగా పెరిగితే మౌనమైపోతాయి. ఊరేగింపులో డీజే పక్కన నడిచిన వాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. ముందు గొంతు పెంచుతాం, కాసేపటికి మాట్లాడడమే మానేస్తాం. మనకైతే ఊరేగింపు గంటలో అయిపోతుంది.

అక్కడ తరతరాలుగా తిమింగలాల వేట మీద బతికే ఇనుపియాట్ ప్రజలున్నారు. 1977లో అంతర్జాతీయ తిమింగలాల సంఘం వాళ్ళ వేటను ఆపేయాలంది. మిగిలినవి రెండు వేలు కూడా ఉండవని అప్పటి శాస్త్రవేత్తల అంచనా. ఒడ్డున నిలబడి నీటి చీలికల్లో కనిపించినవే లెక్కపెట్టారు. వేటగాళ్ళేమో, తిమింగలాలు మంచు కింద నుంచి కూడా పోతాయి, మీకు కనిపించవు అన్నారు. 1980లలో నీళ్ళలో మైకులు దింపి విన్నాక వాళ్ళ మాటే నిజమని తేలింది. ఇది చదువుతున్నప్పుడు నా ఎర్ర పెన్ను గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది.

ఆ వేటగాళ్ళ సంఘమే చాలా ఏళ్ళుగా చమురు కంపెనీలతో ఒప్పందాలు రాయించుకుంటోంది. శరదృతువులో తిమింగలాలు తమ ఊళ్ళ ముందు నుంచి దాటే రోజుల్లో అక్కడ ఎయిర్‌గన్ల పని ఆపాలి, నౌకలు దూరంగా ఉండాలి. మన స్కూల్ బస్సులు డీజిల్‌తోనే నడుస్తున్నాయి కాబట్టి చమురే వద్దనే ధైర్యం నాకు లేదు. కానీ ఈ షరతు వేటగాళ్ళ ఊళ్ళున్న చోటికే పరిమితం కాకూడదని నా అభిప్రాయం. అడిగేవాళ్ళు లేని తీరంలో కూడా, వలస దాటే ఆ కొన్ని వారాలు ఎయిర్‌గన్లు ఆగాలి. 'సేవ్ వేల్స్' అని మనం చార్టులు గీయిస్తుంటాం, నేనూ గీయించాను. ఏ నెలలో, ఏ తీరంలో, ఏ పని ఆపాలో పిల్లలు చెప్పగలిగితే నాకు ఆ చార్టుల కంటే ఎక్కువ సంతోషం.

ఇంట్లో మీ పిల్లలు పాఠంలో లేని జవాబు చెబితే, "టీచర్ చెప్పిందే రాయి" అని ఆపేయకండి. ఆ నాన్నగారిలా పేపర్ పట్టుకుని మా దగ్గరికి రండి. మాకు కాసేపు ఇబ్బందిగానే ఉంటుంది, ఫరవాలేదు.

పాప పేపర్ వెనక్కి తెప్పించుకుని రెండు మార్కులూ వేశాను. ప్రశ్న కూడా మార్చాను: "మంచు కరిగితే బౌహెడ్ తిమింగలానికి ఒక లాభం, ఒక నష్టం రాయండి." దానికి ఒక్క మార్కు పెంచి మూడు చేశాను.