నడకలోనే నడత

నిత్యవ్యవహారంలో బాగా అరిగిపోయిన మాటలే ఒక్కొక్కప్పుడు ఎక్కువ అర్థభారాన్ని మోస్తుంటాయి. ‘నడక’ అటువంటి మాట. తప్పటడుగులు వేసే పసితనం నుంచి ఊతకర్ర పట్టే ముదిమి వరకు మనతో ఉండే ఈ పదాన్ని మనం కాళ్ళకు మాత్రమే పరిమితం చేశాం. పూర్వులు అలా చేయలేదు. నడచు అనే క్రియ నుంచి నడక పుట్టింది, నడత పుట్టింది, నడవడి పుట్టింది. ఇంటిలో ఒక గది నుంచి మరొక గదికి సాగే దారి నడవ అయింది. బండిని నడపటం, బడిని నడపటం, సంసారాన్ని నడపటం దాని ప్రేరణార్థంలో వచ్చినవే. ఒక మనిషి గుణాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగువాడు ‘అతని నడత మంచిది’ అన్నాడు. కాళ్ళు చేసే పనిని, మనసు చేసే పనిని ఒకే మాటతో కొలిచాడు.

ఇది సంస్కృతం నుంచి దిగివచ్చిన పదం కాదు. ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు. తమిళంలో ‘నడ’, కన్నడంలో ‘నడె’, మలయాళంలో ‘నడ’ దీని తోబుట్టువులు. తమిళులు ప్రవర్తనను ‘నడత్తై’ అంటారు. కన్నడిగులు ‘నడె-నుడి’ అని జంటగా పలుకుతారు. నుడి అంటే మాట, నడె అంటే చేత. ఆ రెండూ ఒకటిగా ఉండటమే సజ్జన లక్షణమని వారి భావన. మలయాళంలో ఆలయద్వారం ముందరి భాగానికే ‘నడ’ అని పేరు. శబరిమల యాత్ర చేసివచ్చిన అయ్యప్ప భక్తులకు ‘నడ తెరవటం’ అన్న మాట చెవిన పడే ఉంటుంది. మన నడక చేరవలసిన చోటికి కూడా నడక పేరే పెట్టుకున్నారన్నమాట.

ఇక సంస్కృతం వైపు చూద్దాం. ‘చర’ ధాతువుకు సంచరించటం అని అర్థం. దాని నుంచే ఆచారం, చరిత్ర, బ్రహ్మచారి అనే మాటలు వచ్చాయి. శిష్యుని సదాచారంలో నడిపించేవాడు కనుక ఆయన ఆచార్యుడు. ‘గమ్’ ధాతువు నుంచి గతి వచ్చింది. నిగమం, ఆగమం అనే పూజ్యపదాలూ వచ్చాయి. గతిని చెప్పే ధాతువులు జ్ఞానాన్ని కూడా చెబుతాయని వైయాకరణుల సంప్రదాయం. ఏదైనా తెలిసినప్పుడు ‘అవగతమైంది’ అంటాం. అందులో ఉన్నదీ ఆ గమనమే. ‘పద్ధతి’ అన్న మాట మరీ ముచ్చటైనది. పాదాల తాకిడికి ఏర్పడినది పద్ధతి. అనేకులు అనేక కాలం నడవగా గడ్డి అణగి తేలిన కాలిబాట అది. పద్ధతి గల మనిషి అంటే పెద్దలు నడిచిన బాటను విడువని మనిషి. రెండు వేర్వేరు భాషాకుటుంబాలు ఎవరికి వారుగా ఒకే సత్యాన్ని చేరుకున్నాయి: మనిషి ఎలా నడుస్తాడో అదే అతని శీలం.

ఐతరేయ బ్రాహ్మణంలోని శునఃశేపోపాఖ్యానంలో హరిశ్చంద్రుని కుమారుడు రోహితుడు అరణ్యం నుంచి ఇంటిముఖం పట్టినప్పుడల్లా ఇంద్రుడు బ్రాహ్మణ రూపంలో ఎదురై, ఆగిపోవద్దు, సంచరిస్తూనే ఉండమని బోధిస్తాడు. పెండ్లిలో సప్తపది నడిపించటంలోని అంతరార్థమూ ఇటువంటిదే. ఏడడుగులు కలిసి నడిస్తే కలిగే స్నేహానికి ‘సాప్తపదీనం’ అనే మాటను పాణిని మహర్షి వ్యాకరణంలోనే చెప్పాడు. యముని వెంట నడిచిన సావిత్రి ఆ ఏడడుగుల చెలిమినే ఎత్తి చూపి మృత్యుదేవతతో సంభాషణ సాగించింది. కలిసి నడవటం ఒక బంధం. అది యముని చేత కూడా మాట వినిపించగలిగింది.

ఈ మాటలు మననం చేసుకోవటానికి శంషాబాద్ పరిసరాలకు మించిన చోటు లేదు. 2008 మార్చిలో అక్కడ విమానాశ్రయం ప్రారంభమైంది. దాని ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. విమానం ఒక్క నిమిషమైనా పట్టకుండా ఆ నేలను వదిలి పైకి లేస్తుంది. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్ల దారి అందులో రెండింతలకు పైగా ఉంటుంది. ఎక్కటానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. పైన మనకు కనిపించేది ఆనందనిలయ విమానం. ఆగమ పరిభాషలో గర్భాలయం మీది శిఖర నిర్మాణం విమానం. ఒక విమానం మనల్ని మోసుకుపోతుంది, మరొక విమానం చుట్టూ మనం నడిచి ప్రదక్షిణం చేస్తాం.

వాహనాన్ని నిందించటం మన ఉద్దేశం కాదు. విమానాశ్రయానికి కొద్ది దూరంలో నర్కుడ వద్ద అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయం ఉంది. ఆ ఎత్తైన గోపురం కింద నిలిచినప్పుడు ఒక విషయం తలచుకోవాలి. రాముడు లంక నుంచి అయోధ్యకు తిరిగి వచ్చింది పుష్పక విమానంలోనే. అయినా ఆ కథకు పేరు రామాయణం. అయనమంటే గమనం. పదునాలుగేళ్ళలో రాముడు కాలినడకన వెళ్ళిన దారి, ఆ దారిలో ఆయన నడత, ఇవి రెండూ కలిసి కావ్యమైనాయి. వనవాసానికి బయలుదేరేటప్పుడు సీతమ్మ తాను ముందు నడిచి దారిలోని ముళ్ళను తొక్కి మెత్తన చేస్తానన్నది. దాంపత్యధర్మమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

అదే శంషాబాద్ మండలంలోని ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించిన భగవద్రామానుజుల సమతామూర్తి 216 అడుగుల ఎత్తు. ఎత్తును కొలిచే మాట కూడా మనకు ‘అడుగే’. ఆ మహనీయుడు అడుగులు వేసి వేసి ఆచార్యుడైనాడు. గోష్ఠీపూర్ణుల వద్ద మంత్రార్థం కోసం శ్రీరంగం నుంచి పదునెనిమిది మార్లు వెళ్ళాడని గురుపరంపర చెబుతోంది. అదే పరంపరలో మరొక ముచ్చట ఉంది. వార్ధక్యంలో కావేరీ స్నానానికి వెళ్ళేటప్పుడు ఆయన బ్రాహ్మణ శిష్యుని భుజం మీద చేయి వేసి నడిచేవాడు. స్నానం చేసి మడితో తిరిగివచ్చేటప్పుడు, లోకం తక్కువ కులమని దూరం పెట్టిన ఉఱంగావిల్లిదాసు భుజం మీద చేయి వేసేవాడు. ఎవరెంత ఆక్షేపించినా ఆయన మానలేదు. సమత గురించి ఆయన చేసిన ఉపన్యాసం నది నుంచి మఠం దాకా వేసిన ఆ అడుగులే. నడక నడతగా మారటమంటే ఇదే.

ఉస్మాన్‌సాగర్ చెంతనున్న చిలుకూరులో బాలాజీ చుట్టూ కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణాలు, తీరిన తరువాత 108 ప్రదక్షిణాలు చేయటం వాడుక. వీసా కోరి మొక్కుకున్న యువతీయువకులు ఎందరో అక్కడ తిరిగి, శంషాబాద్‌లో విమానం ఎక్కారు. లెక్క తప్పకుండా చేతిలో అంకెల కాగితం పట్టుకొని నడుస్తారు. మంచిదే. అయితే ఏ కోవెలలోనైనా ఆ లెక్క పూర్తి చేసే తొందరలో పక్కన మెల్లగా నడిచే ముసలమ్మను మోచేతితో నెట్టి ముందుకు పోతే ప్రదక్షిణాల సంఖ్య మాత్రమే పెరుగుతుంది. దేవుణ్ణి కుడివైపు ఉంచుకొని తిరగటం ప్రదక్షిణం. ఆ దేవుడు నెట్టివేయబడిన ఆ తల్లిలో కూడా ఉన్నాడని మరిస్తే కుడి ఏది, ఎడమ ఏది?

కోవెల బయటి దారుల మాట అంతకన్నా ముఖ్యం. నేడు శంషాబాద్ మీదుగా జాతీయ రహదారి, పక్కనే 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి సాగుతున్నాయి. వలయ రహదారి మీద పాదచారికి చోటు లేదు. అది వేగం కోసం వేసిన దారి గనుక ఆ నియమం సబబే. ఊరి మధ్యగా సాగే దారిలో కూడా పాదచారికి చోటు లేకపోతేనే ఆలోచించాలి. చేతిలో పూలసజ్జ పట్టుకున్న వృద్ధుడు రోడ్డు దాటలేక, వచ్చే బండికీ పోయే బండికీ తల తిప్పుతూ నిలబడటం మనం చూడని దృశ్యం కాదు.

మన ధర్మశాస్త్రకారులు దారి ఇవ్వటాన్ని చిన్న విషయంగా తీసివేయలేదు. వృద్ధునికి, రోగికి, బరువు మోసేవానికి, స్త్రీకి తొలగి దారి ఇమ్మన్నారు. బండిలో పోయేవానికి కూడా ఇమ్మన్నారు. ఇది చూసి కారు నడిపేవారు సంతోషించనక్కరలేదు. ఆ జాబితాలోని సూక్ష్మం గ్రహించాలి. తేలికగా తొలగగలవాడు తొలగలేనివానికి దారి ఇవ్వాలన్నది అందులోని న్యాయం. ఎడ్ల బండిని ఇరుకు దారిలో పక్కకు మళ్ళించటం కష్టం కనుక నడిచేవాడు తొలగేవాడు. నేడు వాహనాన్ని నిలిపే శక్తి కాలి కింద ఉంది. వృద్ధుని కాళ్ళలో ఆ శక్తి లేదు. కనుక నేడు ఆగవలసింది వాహనమే.

దారి ఇవ్వకపోతే ఏమవుతుందో భారతం ఆదిపర్వంలో కల్మాషపాదుని కథ చెబుతుంది. ఇక్ష్వాకు వంశపు ఆ రాజు వేటాడి అలసి వస్తుండగా, ఒక్కరే పట్టే అడవిదారిలో వసిష్ఠుని పెద్దకుమారుడు శక్తి ఎదురైనాడు. తొలగుమని రాజు, నీవే తొలగుమని ముని. రాజు కొరడాతో కొట్టాడు. ముని రాక్షసుడివి కమ్మని శపించాడు. రాక్షసత్వం పొందిన రాజు మొట్టమొదట శక్తినే భక్షించాడు, పిమ్మట అతని తమ్ములను. శాస్త్రం ప్రకారం దారి మునిదే. ఆ హక్కు ఆయన ప్రాణాన్ని నిలపలేదు. ఎవరో ఒకరు రెండడుగులు పక్కకు జరిగి ఉంటే వసిష్ఠునికి పుత్రశోకం లేకపోయేది. మన రోడ్ల మీద ప్రతిదినం ఈ కథ పునరావృతమవుతూనే ఉంది.

తెలంగాణ పల్లెల్లో ‘నడుస్తది’ అంటే సరిపోతుంది, చెల్లుతుంది అని అర్థం. కొరత ఉన్నా సర్దుకొనే మంచి గుణం ఆ మాటలో ఉంది. ధర్మం దగ్గర మాత్రం దానిని వాడరాదు. ఎదురుదారిన పోతే ఏం, నడుస్తది. క్యూలో ముందుకు దూరితే ఏం, నడుస్తది అనుకుంటే ఒకనాటికి నడత అన్న మాటకు అర్థం మిగలదు.

నడవలేనివారు చింతించవలసిన పని లేదు. నిలిచిన చోటనే తిరిగే ఆత్మప్రదక్షిణం సంప్రదాయంలో ఉన్నదే. కుమారస్వామి నెమలినెక్కి లోకమంతా చుట్టివస్తే, వినాయకుడు తల్లిదండ్రుల చుట్టూ తిరిగి ముందే ఆ ఫలాన్ని పొందాడు. విమానమెక్కి లోకం చుట్టే బిడ్డలు, శంషాబాద్ ద్వారం దగ్గర ఆగిపోయే తల్లిదండ్రులు ఈ కథను కలిసి తలచుకోవాలి. సెలవులకు వచ్చినప్పుడు గుడికి కారులో దింపి పోవటం కాకుండా, అమ్మ చేయి పట్టుకొని ఆమె అడుగుకు అడుగు కలిపి, ఆమె వేగంతోనే ఒక్క ప్రదక్షిణం చేయించండి. ఆ ఒక్క ప్రదక్షిణం 108కి తక్కువ కాదు.