కొసరు మర్యాద

మన బజారులలో కొసరునకు గల గౌరవము చిన్నది కాదు. కూరగాయలమ్ము ఆమె తూకము ముగిసిన పిమ్మట గుప్పెడు కరివేపాకో, నాలుగు పచ్చిమిరపకాయలో మన సంచిలో వేయును. పాలు పోయునాతడు కొలత నిండిన తరువాత మరికొంచెము వంచును. ప్రొద్దుట ఉగ్గాని తినవచ్చిన తండ్రివెంట పసివాడున్నచో మన సీమలోని హోటలు యజమాని వాని చేతిలో నొక బజ్జీ యుంచును. ఇవి ధర తగ్గింపులు కావు. ధర ధరయే, కొసరు కొసరే. అమ్మువాడు తన గంపలోనిది తన యిష్టముచే నిచ్చును గనుక నిచ్చువానికిని పుచ్చుకొనువానికిని గూడ సంతోషమే. కొసరు నోరు విడిచి యడుగుటయు తప్పు కాదు. కాని సరుకు కొనక కొసరు మాత్రమే కోరువానిని బజారులో నెవ్వరును పెద్దమనిషి యనరు.

ఇప్పుడు హోటళ్లలో నొక క్రొత్త కొసరు వ్యాపించినది. చేతి ఫోనులో నొక యాప్ తెరచి, అందు చూపిన తగ్గింపును పట్టుకొని భోజనమునకు పోవుట నగరములలో నిత్యకృత్యమైనది. శిరివెళ్ల, ఆళ్లగడ్డ ప్రాంతములనుండి చదువులకును ఉద్యోగములకును హైదరాబాదు, బెంగుళూరు నగరములకు పోయిన మన బిడ్డలు ఈ యలవాటును పండుగ సెలవులకు ఇండ్లకు తెచ్చుచున్నారు. నంద్యాలలో ఒక హోటలున కూర్చుండకమునుపే "ఇక్కడ ఆఫరేమి గలదు?" యని యడుగుట వారికి సహజము; తోడ వచ్చిన తండ్రికి తల వంపు. ఇట్టి రాయితీలను నిత్యము వాడుకొనుట మర్యాదయా కాదా యను తర్కము నేడు పెక్కు గృహములలో జరుగుచున్నది. వర్తకుడు తానై ప్రకటించినదానిని పుచ్చుకొనుటకు సిగ్గేల యని పిన్నలు, పరువుగలవాడు ధరలు తగ్గించి తినునా యని పెద్దలు. ఈ రెండు వాదములును విషయమును తాకుట లేదని మా యభిప్రాయము. తగ్గింపు పుచ్చుకొనుట లజ్జాకరము కాదు. ఆ తగ్గింపు ఎవని గంపలోనిది, ఎవని యిష్టముచే వచ్చినది యని యడుగకుండుటయే లజ్జాకరము.

వెలకు అన్నము పెట్టుట మనకు క్రొత్తది కాదు. ఓరుగంటి పూటకూళ్ల యింట ఒక్క రూకకు దొరకిన భోజన వైభవమును క్రీడాభిరామము వర్ణించినది. నిత్యము వచ్చువానికి ధర తగ్గించుటయు క్రొత్త గాదు. మన పట్టణములలోని మెస్సులలో నెలకు సరిపడు టిక్కెట్ల పుస్తకమును ముందుగా కొన్నవానికి ఒక్కొక్క భోజనము కొంత చౌకగా పడుట చిరకాలముగా నున్న పద్ధతి. దానిలోని న్యాయము నాలోచింపుడు. తినువాడు నెల పైకము ముందే యిచ్చుచున్నాడు. దానితో యజమాని బియ్యమును నూనెను టోకున కొనుచున్నాడు, రేపు ఎందరికి వండవలయునో నేడే యెరుగుచున్నాడు. అన్నము మిగిలి పాడగుట లేదు. ఆ లాభములో నొక పాలు తినువానికి మరల వచ్చుచున్నది. ఇద్దరి నడుమ జరిగిన ఒప్పందమిది.

యాప్ రాయితీలో మూడవవాడు ప్రవేశించినాడు. 2017 నవంబరులో జొమాటో సంస్థవారు మన దేశమున గోల్డ్ అను పేర నొక పథకము నారంభించిరి. సభ్యత్వపు రుసుము సంస్థకు. సభ్యుడు హోటలులో నొక వంటకము కొన్నచో రెండవది ఉచితము, ఆ రెండవ వంటకపు వ్యయము హోటలుకు. రుసుము పుచ్చుకొన్నవాడు వేరు, వడ్డించినవాడు వేరు. ఎనిమిదిమంది కూర్చున్న బల్లవద్ద నలుగురు నాలుగు సభ్యత్వములు తెరచి సగము భోజనమును ఊరక తినసాగిరి. 2019 ఆగస్టులో గురుగ్రామమునందలి సుమారు 300 భోజనశాలలు స్వాతంత్ర్య దినోత్సవ సమయముననే ఈ పథకములనుండి వైదొలగెను. ఇతర నగరములును వెంట నడచెను. అఖిల భారత భోజనశాలల సంఘము దానికి నాయకత్వము వహించెను. అంతట సంస్థవారు సభ్యునకు దినమునకొక్క మారు, బల్లకు రెండు సభ్యత్వములు మాత్రమే యని కట్టడి చేయవలసి వచ్చెను. మర్యాద తనంతట నిలిచియుండినచో ఆ కట్టడియే యవసరము గాకపోవును.

ఆ సంఘమువారే 2021లో జొమాటో, స్విగ్గీ సంస్థలపై భారత స్పర్ధా సంఘమునకు ఫిర్యాదు చేసిరి. ఇంటికి పంపు భోజనములపై నూటికి 20 మొదలు 30 వరకు కమీషను లాగుచున్నారనియు, రాయితీలు హోటళ్లపై రుద్దుచున్నారనియు వారి యారోపణ. 2022 ఏప్రిలులో స్పర్ధా సంఘము విచారణకు ఉత్తరువు చేసెను. 2024 అక్టోబరులో మన ఆంధ్రప్రదేశ్ హోటళ్ల సంఘమువారు సైతము విజయవాడలో కూడి, స్విగ్గీ ద్వారా అమ్మకములు నిలుపుదుమని ప్రకటించిరి. సంప్రదింపులపై దానిని వాయిదా వేసిరి.

లెక్క యొకటి వేసి చూతము. నాలుగు వందల రూపాయల భోజనమునకు హోటలువాడు భరించు రాయితీ నూరు రూపాయలనుకొందము. మిగిలిన మూడు వందలపై నూటికి 25 చొప్పున కమీషను 75 రూపాయలు. యజమాని చేతికి వచ్చునది 225. దీనిలోనుండి బియ్యము, నూనె, మాంసము, గ్యాసు, అద్దె, వంటవాని జీతము, ఎంగిలి విస్తరి తీయువాని కూలి రావలయును. రాకున్నచో నేమగును? ధర ముందే పెరుగును. లేదా నూనె మారును. రెండింటిలో నేది జరిగినను, తాను నూరు రూపాయలు మిగిల్చితినని సంతోషించు పెద్దమనిషియే దానిని తినుచున్నాడు. రాయితీ యెరుగని ప్రక్క బల్లవాడు పూర్తి ధరకు తినుచున్నాడు.

మా పాఠకులలో భూస్వాములు పెక్కుమంది గలరు. వారికీ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. కర్నూలు కడప కాలువ క్రింద పండిన సోనా బియ్యము దూరదేశములలో మంచి పేరు తెచ్చుకొన్నది. ఆ పేరు గల ధాన్యమును కళ్లములో కొనవచ్చినవాడు తేమయని కొంత, తరుగని కొంత, హమాలీ యని కొంత కోసికొనునప్పుడు మన రైతు ఎంత వేదన పడును! మూడవవాడు మధ్య నిలిచి రెండు వైపుల తినుచున్నాడని రచ్చబండపై నెంతయో వాదింతుము. ఆ సాయంకాలమే నంద్యాలకు పోయి, అదే బియ్యముతో వండిన అన్నమునకు అదే రీతి తరుగు తీసి తినుట యెట్లు పొసగును? దళారీ మన కళ్లములో నున్నప్పుడు దుర్మార్గుడును, మన ఫోనులో నున్నప్పుడు మిత్రుడును కాజాలడు.

మన సీమకు దత్తమండలములను పేరెట్లు వచ్చెనో యొకసారి తలపోయుట యప్రస్తుతము గాదు. నిజాము కుంపిణీ సైన్యము తనకు కాపుండునని కుదుర్చుకొని, దాని వ్యయమునకు బదులుగా 1800లో ఈ సీమలో నధిక భాగమును కుంపిణీకి ధారపోసెను. మొదట సౌకర్యముగా కనబడిన సహాయము తుదకు భూమిని దిన్నది. 1928లో నంద్యాలలో జరిగిన సభ ఆ దత్త నామమును త్రోసిపుచ్చి రాయలసీమ యను పేరు స్వీకరించెను. గిరాకీని తెచ్చిపెట్టుదుమని నేడు వచ్చు సంస్థలతో హోటలువారి ఒప్పందములును ఇట్టివే. కొంతకాలమునకు గిరాకీ హోటలుది గాక సంస్థది యగును. వచ్చినవాడెవడో, ఏమి తినునో, ఎప్పుడు వచ్చునో యజమాని యెరుగడు, సంస్థ యెరుగును. 2024లో స్విగ్గీ తన వాటాలను బజారున పెట్టునాటికి దానిలో నెల్లరికంటె పెద్ద వాటాదారు నెదర్లాండ్సు దేశమందలి ప్రోసస్ సంస్థ యని తెలిసికొన్నచో, ఆళ్లగడ్డలో తిన్న అన్నపు లాభము ఎంత దూరము ప్రయాణము చేయగలదో తెలియును. విదేశపు ధనమంతయు విషమని మేమనము. అది పోవు త్రోవను చూచుకొనుట గృహస్థధర్మము.

కావున రాయితీ వాడువానికి కొన్ని మర్యాదలు గలవు. హోటలు తానే మధ్యాహ్నము మూడు గంటల వేళ, గిరాకీ లేని దినములలో తగ్గింపు ప్రకటించినచో నిస్సంకోచముగా పోవచ్చును. ఖాళీ బల్లలు నిండుట యజమాని కోరుచున్నదే. కాని ఆదివారము రాత్రి, వాకిట జనము నిలిచియున్న వేళ, అదే రాయితీతో రెండు గంటలు బల్ల నాక్రమించుట అన్యాయము. రాయితీ వాడదలచిన సంగతి కూర్చున్నప్పుడే చెప్పవలయును. తిన్న పిమ్మట బిల్లు చేతిలో పెట్టుకొని గల్లాపెట్టెవద్ద వాదమాడరాదు. ఒకే పంక్తిలో తిన్నవారు బిల్లును ముక్కలు చేయించి ముక్కకొక రాయితీ కోరుట వంచనయే; దానికి తెలివియని పేరు పెట్టినంతమాత్రమున జాతి మారదు. ఊరక వచ్చినదిగదా యని రెండవ వంటకము తెప్పించి విస్తరిలో విడిచిపోవువారిని గూర్చి వ్రాయుటకే చేతులాడవు. మరియొకటి: రాయితీ నీయకున్నచో చెడ్డగా వ్రాసి నక్షత్రములు తగ్గింతుమని బెదిరించుట బజారులో కత్తి చూపుటకంటె నెక్కుడేమియు కాదు.

వడ్డించినవాని సంగతి ప్రత్యేకముగా చెప్పవలయును. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, హోటళ్లు బిల్లులో సేవాశుల్కమును తమంతట కలుపరాదని కట్టడి చేసెను. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దానిని సమర్థించెను. మంచిదే. అయితే బక్షీసు ఇక మన యిష్టమునకు విడువబడినది గనుక మన మనసు బయటపడుచున్నది. బిల్లు సగమైనదని బక్షీసు సగము చేయువారు గలరు. ఆ బాలుడు మోసిన పళ్లెములు సగము గాలేదు, తుడిచిన బల్ల సగము గాలేదు. రాయితీకి ముందున్న మొత్తముపై వానికీయవలయును.

అతిథిని పిలిచి తీసికొనిపోయినప్పుడు రాయితీని వాడవచ్చునా యని కొందరడుగుచున్నారు. వాడవచ్చును, అతిథికి తెలియకుండవలయును. వియ్యాలవారిని కూర్చుండబెట్టి, ఈ వంటకమునకు తగ్గింపు లేదు, దానిని తెప్పించుకొనుడని చెప్పుట మన మర్యాద గాదు. అన్నము పెట్టువాడు లెక్కలు వంటయింట వేసికొనును గాని పంక్తిలో వేయడు.

ఇందుకు బదులుగా, పేద విద్యార్థి మాట యేమని యడుగవచ్చును. వానిని మేమేమియు ననము. చిన్న జీతముపై అద్దె గదిలో నుండు యువకుడు రాయితీ చూచి తినుట పొదుపు, దానికి నిందలేదు. అంతకంటె నిరుపేదకు 2018లో ఆరంభమై, 2019లో ఆగి, 2024 ఆగస్టు 15 నుండి తిరిగి తెరచిన అన్న క్యాంటీనులలో అయిదు రూపాయల భోజనము గలదు. అహోబిల, మహానంది క్షేత్రములలో అన్నసత్రములు గలవు. వానిలో నెవడు కూర్చుండవలయునో మన కందరకును తెలియును. కారు దూరముగా నిలిపి అయిదు రూపాయల వరుసలో నిలుచువానిని లోకము క్షమింపదు. యాప్ రాయితీయందు ఆ వరుస కంటికి కనబడదు, అంతియే భేదము. మా మాట పొలము, గృహము, ఉద్యోగము కలిగియు పూర్తి ధర యిచ్చి తిన్న దినమే యెరుగని వారినిగూర్చి.

శిరివెళ్ల వంటి యూళ్లలో దీని ఫలితము మరియొక రీతిగా నుండును. ఇచ్చటి చిన్న హోటలువానికి యాప్ లేదు, రాయితీ ప్రకటించు స్తోమతు లేదు. నంద్యాల త్రోవ చక్కగా నున్నది. బండి యెక్కి పోయి, పెట్రోలుకు వంద రూపాయలు పోసి, ఎనుబది రూపాయల రాయితీ సంపాదించుకొని వచ్చువారు గలరు. పోనిమ్ము, ఎవరి రుచి వారిది. కాని తిరిగి వచ్చి మరునాడు ఊరి హోటలున కూర్చుండి, నంద్యాలలో సగము ధరకే వచ్చుచున్నదే యని దెప్పుట మాత్రము ఓర్వరానిది. పంట చేతికి రాని యేట నెలల తరబడి ఖాతా వ్రాసికొని టిఫిను పెట్టినవాడు ఈతడే. ఆ ఖాతాకు వడ్డీ వేయలేదు, కమీషను పట్టలేదు. యాప్ ఒక్క పూటకైనను అప్పుగా అన్నము పెట్టి, కళ్లము నాటికి ఇమ్మని చెప్పునా?

రాయితీ నిజముగా కావలసినవారు గల్లాపెట్టెవద్దకే పోయి యడుగవలయును. నెలకు పదిమారులు వచ్చు గృహస్థుడు కుటుంబముతో వచ్చినప్పుడు కొంత తగ్గింపుమనినచో ఏ యజమానియు కాదనడు. కమీషను మిగులును గనుక వానికిని మేలే. నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణముల హోటళ్ల యజమానులు పాత మెస్సు టిక్కెట్ల పుస్తకములను మరల అచ్చు వేయించి, ఇరువది భోజనములకు ముందు పైకము కట్టినవారికి ఒకటి రెండు భోజనములు కొసరుగా నీయవచ్చును. పుస్తకమునకు గడువు నెల గాక మూడు నెలలుంచినచో పల్లెలనుండి సంతకును, ఆసుపత్రికిని, కచేరి పనులకును వచ్చు రైతులు సైతము కొనగలరు. మొదటి పుస్తకములను కొనుటకు శిరివెళ్ల పెద్దలు ముందునకు రావలయునని కోరుచున్నాము.