మేడ ఎత్తు, మెట్ల లెక్క

మన పెద్దలు పొరుగూరు వెళితే చుట్టాల ఇంట దిగేవారు. చుట్టాలు లేని ఊరైతే సత్రములో దిగేవారు. సత్రమంటే ఒక వసారా, నాలుగు గదులు, ఒక నుయ్యి. ఎక్కడ పడుకున్నా నాలుగడుగులు వేస్తే వీధిలో ఉంటాము. నేడు మన పిల్లలు సింగపూరు, హాంకాంగు, బ్యాంకాకు వంటి పట్టణాలలో ఉద్యోగాలు చేస్తున్నారు. అమ్మానాన్నలను రప్పించుకొని, ఇల్లు ఇరుకనో, ముచ్చట తీర్చాలనో, రెండు రోజులు ఏదో ఒక పెద్ద హోటలులో ఉంచుతున్నారు. మా చదువరులలో అట్టి ప్రయాణము చేసినవారు ఉన్నారు. చేయబోయేవారు ఇంకా ఎక్కువ. కనుక ఈ నెల ఆ బసను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాము.

మేము దిగినది సింగపూరులోని స్విస్సోటెల్ ది స్టాంఫర్డ్. 1986లో తెరచినప్పుడు దాని పేరు వెస్టిన్ స్టాంఫర్డ్. అంతస్తులు 73, ఎత్తు 226 మీటర్లు. ఆనాటికి ప్రపంచములోని హోటళ్ళన్నిటిలోను ఎత్తైనదిగా పేరు పొందినది. చైనాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఐ. ఎమ్. పే దాని నమూనా గీచినాడు. కట్టడము గుండ్రని స్తంభము వలె ఉంటుంది, గదికొక బాల్కనీ. అక్కడ నిలబడితే లంగరు వేసిన ఓడలు పిల్లలు వానలో విడిచిన కాగితపు పడవల వలె కనబడతాయి. దగ్గరనే మెరీనా అఖాతము. 2008లో దాని ముఖమున ఆనకట్ట కట్టి, ఉప్పునీటిని వెలికి నెట్టి, మంచినీటి చెరువుగా మార్చినారు. పరుపు మెత్తన, తువ్వాళ్ళు తెల్లన, ఫలహారమునకు పది దేశాల వంటకాలు. సుఖానికి లోటు లేదు.

మా వెంట మా మేనత్తగారు వచ్చినారు. డెబ్బది దాటిన మనిషి. లిఫ్టు పైకి పోతూ ఉంటే చెవులు మూసుకుపోయినవి కాబోలు, గదిలో కూర్చున్నాక కాసేపటికి గాని మాటలాడలేదు. ఆ పిమ్మట మా అబ్బాయిని పిలిచి, "ఒరే అబ్బాయీ, మెట్లు ఎక్కడరా?" అన్నారు. వాడు నవ్వి, "ఇంత ఎత్తున మెట్లతో పనేమిటి బామ్మా?" అన్నాడు. మాకు మాత్రము ఆమె అడిగినదే అడుగవలసిన మాట అనిపించినది. గది తలుపు వెనుక అంటించిన పటము చూచి, నడవా వెంట తలుపులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళినాము. బరువైన తలుపు తోస్తే మెట్లు కనబడినవి. తివాచీ లేదు, అద్దాలు లేవు. ఈ మెట్ల మీద ఏళ్ళ తరబడి పరుగుపందెము నడిపినారట. కింది నుంచి పైదాకా 1,336 మెట్లు. ఇల్లు చూచి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. హోటలును చూడవలెనంటే దాని మెట్లను చూడవలెను.

ఎందుకంటారా? కొన్ని సంగతులు వినండి. 1971 డిసెంబరు 25న కొరియా రాజధాని సియోల్‌లో, 21 అంతస్తుల దేయోన్‌గాక్ హోటలులో, కింది కాఫీ దుకాణములో గ్యాసు పేలి మంటలు లేచినవి. అగ్నిమాపకుల నిచ్చెనలు పై అంతస్తులకు అందలేదు. ప్రాణభయముతో పైకి పరుగెత్తిన వారికి మిద్దె మీది తలుపు తాళము వేసి కనబడినది. 160 మందికి పైగా పోయినారు. 1982 ఫిబ్రవరి 8న టోకియోలోని హోటల్ న్యూ జపాన్‌లో, తొమ్మిదవ అంతస్తున, ఒక అతిథి పడకలో కాల్చిన సిగరెట్టు నుంచి నిప్పు రాజుకొని 33 మందిని పొట్టన పెట్టుకున్నది. నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు ఆ గదులలో అమర్చలేదు. యజమానికి తరువాత జైలుశిక్ష పడినది. ఈ హోటలుకు ఉన్నవి పది అంతస్తులే.

అంతకంటె చిత్రమైన సంగతి సింగపూరులోనే జరిగినది. ఆకాశమంటే స్టాంఫర్డ్ తెరచిన 1986లోనే, మార్చి 15న, సెరంగూన్ రోడ్డు మీద ఉన్న ఆరంతస్తుల హోటల్ న్యూ వరల్డ్ నిమిషము లోపల కుప్పకూలినది. మనవారు సింగపూరు వెళితే దర్శించే శ్రీనివాస పెరుమాళ్ కోవెల ఉన్న రోడ్డు అదే. 33 మంది చనిపోయినారు. అప్పుడు భూగర్భ రైలు మార్గము తవ్వుతూ ఉన్న విదేశీ ఇంజనీర్లు కూడ వచ్చి, శిథిలాల కింద సొరంగాలు తవ్వి సాయపడినారు. 17 మందిని ప్రాణాలతో వెలికి తీసినారు. విచారణలో తేలినదేమంటే, మనుష్యులు, సామాను, మంచాలు, బీరువాలు ఎంత బరువో లెక్క వేసిన వారు, ఇంటి సొంత బరువును లెక్కలో చేర్చనే లేదు! ఆ ఇల్లు పదిహేనేండ్లు తన బరువు తాను మోయలేక మోసినది. 1989లో సింగపూరు చట్టము చేసినది. ఒక ఇంజనీరు వేసిన లెక్కను సంబంధము లేని వేరొక ఇంజనీరు సరిచూచిన తరువాతనే కట్టవలెను.

కాబట్టి 73 అంతస్తులు భయపడవలసినవీ కావు, ఆరంతస్తులు నమ్మవలసినవీ కావు. లెక్క సరిగా ఉంటే ఎత్తు చెడ్డది కాదు. నేటి పెద్ద కట్టడాలలో ఎన్నో రక్షణలున్నవి. పైకప్పు స్ప్రింక్లరులో ఎఱ్ఱని ద్రవము నింపిన చిన్న గాజుబుడ్డి ఉంటుంది. వేడి 68 డిగ్రీలు కాగానే అది పగిలి నీరు చిమ్ముతుంది. సినిమాలలో వలె అన్నీ ఒక్కసారి చిమ్మవు; నిప్పు దగ్గర ఉన్నదే పని చేస్తుంది. మెట్ల గదిలోనికి ఫ్యానులతో గాలి నింపి పొగను రానీయకుండ ఆపుతారు. మెట్ల తలుపు తనంత తాను మూసుకొనేటట్లు చేసేదీ అందుకే. దానిని కుర్చీ అడ్డుపెట్టి తెరచి ఉంచితే ఆ మెట్ల దారే పొగగొట్టమవుతుంది.

ఇక మనము చేయవలసినవి కొద్దిపాటి పనులు. సామాను దింపగానే తలుపు వెనుక పటము చూడండి. రెండు మెట్ల దారులూ నడచి చూచి, గది నుంచి ఎన్ని తలుపుల దూరమో లెక్కపెట్టుకోండి. పొగలో కళ్ళు పని చేయవు, చేతులతో తడుముకొనే లెక్కే పని చేస్తుంది. మెట్ల తలుపు లోపలి వైపు నుంచి తెరచుకోకపోవచ్చు గనుక, చూడబోయేటప్పుడు ఒకరు తలుపు పట్టుకొని ఉండండి. రాత్రి పడుకొనే ముందు కళ్ళజోడు, చెప్పులు, మందులు, పాస్‌పోర్టు, గది కార్డు ఒక్కచోట ఉంచుకోండి. గంట మ్రోగితే తలుపును వెనుక చేతితో తాకి చూడండి. వేడిగా ఉంటే తెరవవద్దు. తడి తువ్వాళ్ళు సందులలో కుక్కి ఫోను చేయండి. చల్లగా ఉంటే వంగి నడచి మెట్ల దారి పట్టండి. లిఫ్టు ఎక్కరాదు.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు దిగేటప్పుడే కౌంటరులో ఆ సంగతి చెప్పి, తక్కువ అంతస్తులో గది అడగండి. ఎత్తు గది ఇప్పించుటే ముచ్చట అనుకుంటారు పిల్లలు. అత్తమామలు అడగడానికి మొగమాటపడతారు. కోడలైనా, అల్లుడైనా తామే ముందుగా అడిగితే బాగుంటుంది.

ఇది పై దేశపు హోటళ్ళ మాట మాత్రమే కాదు. బెంగుళూరులో, చెన్నపట్నములో, పూనాలో మన పిల్లలు కొన్న ఇళ్ళు పదిహేను ఇరవై అంతస్తులవి. బెంగుళూరు కార్ల్టన్ టవర్స్‌లో 2010 ఫిబ్రవరి 23న 9 మంది చనిపోయిన సంగతి అక్కడి మనవారు మరచి ఉండరు. పొగకు తాళలేక కిటికీల నుంచి దూకినవారు కూడ ఉన్నారు. అయినా మన మెట్ల మీద చూడండి: చెప్పుల అల్మారా, పిల్లల సైకిలు, ఖాళీ గ్యాసు బండ, పాత కుర్చీలు. మేడ మీది తలుపుకు తాళము. ఆ తాళపుచెవి ఎవరి దగ్గర ఉన్నదో ఎవరికీ తెలియదు. సియోల్‌లో వేసి ఉన్నదీ అట్టి తాళమే.

వచ్చే ఆదివారము తీరిక చేసుకొని ఇంటిల్లిపాదీ ఒకసారి మెట్ల మీదుగా కిందికి దిగి చూడండి. అడ్డము వచ్చినదాన్ని తీసివేయండి. తాళపుచెవి ఎక్కడున్నదో కనుక్కొని, అందరికీ తెలిసేచోట ఉంచండి.