వీధివైపు గది

మా గుంటూరు బ్రాడీపేటలో, అరండల్‌పేటలో ఏ లైనులో నడిచినా గేట్లకు 'టు లెట్' బోర్డులు కనిపిస్తాయి. పిల్లలు చదువులకో ఉద్యోగాలకో ఊరు దాటగానే ఖాళీ అయిన గదిని అద్దెకిస్తున్నాం. మంచిదే. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు!

కానీ ఆ బోర్డు చూసి లోపలికొచ్చిన మనిషిని మనం అడిగే ప్రశ్నలున్నాయే... మీదే ఊరు, మీరేవిట్లు, నీచు వండుతారా, ఎవరెవరు వచ్చిపోతుంటారు? ఒంటరిగా ఉద్యోగం చేసుకునే ఆడపిల్లయితే మరీను. భర్తతో విడిపోయిన ఆవిడని తెలిస్తే, గదైనా చూపించకుండా "అయ్యో, ఇందాకే ఎవరికో మాటిచ్చేశామమ్మా" అనేస్తాం. ఇంట్లో మగవాళ్ళు కాదు, గుమ్మంలో నిలబడి ఆ మాట అనేది మనమే. అదే మన అమ్మాయి హైదరాబాదులో గది కోసం గడపగడపా ఎక్కి దిగుతుంటే మాత్రం, లోకంలో మానవత్వం లేదంటాం!

కిందటేడు మా వీధివైపు గది ఒక స్టాఫ్ నర్సుకిచ్చాను. "రాత్రి ఎనిమిదింటికి గేటు దాటే పిల్లకా ఇల్లిచ్చావు?" అని ఎదురింటి పిన్నిగారు బుగ్గలు నొక్కుకున్నారు. ఇప్పుడు ఆవిడకు బి.పి. చూసిపెడుతున్నది ఆ పిల్లే లెండి.

అలాగని అన్నీ నోటిమాట మీద వదిలెయ్యమనను. అద్దె, అడ్వాన్సు, ఖాళీ చేసేందుకు ఎన్నాళ్ళ ముందు చెప్పాలి... అన్నీ కాగితం మీద ఉండాలి. ఒప్పందాన్ని చాలామంది 11 నెలలకు రాసుకుంటారు. కరెంటుకు సబ్ మీటరు పెట్టించండి. అసలు మీటరు ఒకటే కాబట్టి ఇద్దరి యూనిట్లూ కలిసి పై శ్లాబులోకి పోతే రేటు పెరుగుతుంది. ఆ తేడా ఎవరు భరించాలో ముందే అనుకోకపోతే నెలనెలా గొణుగుడే. ఇక మన దగ్గరున్న రెండో తాళంచెవి సంగతి. ఆ పిల్ల లేనప్పుడు తలుపు తీసి మంచం కిందా, గిన్నెల్లోనూ చూసొచ్చే ఇల్లాళ్ళు నాకు తెలుసు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, ఓనరు గదిలోకి వెళ్ళాలంటే 24 గంటల ముందు చెప్పాలంటోంది. అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదనీ అంటోంది. రాష్ట్రాలు అమలు చేస్తేనే అది చట్టమవుతుంది. చెప్పి వెళ్ళడానికి మనకు చట్టమెందుకూ?

ఇంకో మాట. మోటరు వేసేది, గేటు తీసేది, గది తుడిపించి సున్నం వేయించేది మనం. అద్దె మాత్రం ఆయన జేబులోకి. మా ఇంట్లో ఈ సంగతి తేలడానికి రెండు నెలలు పట్టింది. "ఇంటి పన్ను కట్టేది నేనేగా" అన్నారాయన. "ఇకమీదట అద్దెలోంచి నేనే కడతాను" అన్నాను. ఇప్పుడు అద్దె నా ఖాతాలోనే పడుతోంది. ఇల్లు ఎవరి పేరున ఉంటే ఆదాయపు పన్ను లెక్కలో ఆ అద్దె వాళ్ళదే. అది వేరే సంగతనుకోండి.